డిఫాల్ట్ పెట్టి నేను పాడుచేసిన ప్రాసెసర్

కంప్యూటర్ రిపేరు పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్ళలో నేను బాగుచేసిన మెషిన్లు ఎన్నో లెక్కలేదు. వాటిలో ఒక్కటీ సరిగ్గా గుర్తులేదు. పాడుచేసినవి మాత్రం అన్నీ గుర్తున్నాయి. వాటిలో ఒకదాని గురించి వివరంగా చెబుతాను. పని మానేసి ఏడాది దాటినా ఆ ఒక్కదాని గురించి ఇప్పటికీ నాకు కంగారు తీరలేదు.

మాది టెక్కలి దగ్గర ఒకప్పటి పెద్ద కుటుంబం. ఇంతకంటే వివరం అక్కర్లేదు. మా నాన్నగారు సమితి ఎన్నికల్లో మూడుసార్లు నిలబడ్డారు, మూడుసార్లూ ఓడారు. ఎన్నికకొక జీడితోట పోయింది. మామూలు కాగితాల మీద ఆయన పొట్టి సంతకం చేసేవారు. ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం రిజిస్ట్రారు ఆఫీసులోనే పెట్టేవారు. అందుకని మా ఇంట్లో పూర్తి సంతకం అంటే ఏదో చేయి జారిపోతోందని అర్థం. చివరికి నాకు మిగిలింది ఆ ఇంటిపేరూ, నడుము వంచకుండా కూర్చునే అలవాటూ.

ఇరవయ్యేళ్ళ వయసులో కాశీబుగ్గలో టీవీ రిపేరు షాపులో చేరాను. మన ఇంటి మగవాడు జనం ఇళ్ళకెళ్ళి స్క్రూలు విప్పడమేమిటని బంధువులు మాట్లాడటం మానేశారు. నేను మూడు నియమాలు పెట్టుకున్నాను. ఇస్త్రీ చొక్కా లేకుండా పనికి వెళ్ళను. కస్టమర్ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టను. నాకు తెలీదు అన్న మాట నోట రానివ్వను. మొదటి రెండింటివల్ల ఎవరికీ నష్టం జరగలేదు.

పాణిగ్రాహి మాస్టారు

ఆ షాపు యజమాని పాణిగ్రాహి మాస్టారు ఇచ్ఛాపురం మనిషి. కోపం వస్తే ఒడియాలో తిట్టి, శాంతించాక తెలుగులో మళ్ళీ తిట్టేవారు. నన్ను పేరుపెట్టి పిలవలేదు ఎప్పుడూ. "రాజావారూ, సింహాసనం దిగండి, సోంపేట టీవీ వచ్చింది" అనేవారు. పని నేర్పింది ఆయనే కాబట్టి ఆ ఎగతాళి మింగాను.

చేరిన కొత్తలో ఒక టీవీ వెనక రంగులు సరిచేసే చిన్న మరలు నాలుగు తిప్పేశాను. ఏది ఎంత తిప్పానో గుర్తులేదు. మనుషుల మొహాలు ఆకుపచ్చగా వచ్చాయి. మూడు రోజులు కుస్తీ పట్టినా మొదటి రంగు రాలేదు. మాస్టారు వచ్చి చూసి, తిట్టకుండా ఒక ప్రశ్న అడిగారు.

"నువ్వు తిప్పింది తిప్పినట్టు వెనక్కి తిప్పగలవా?"

"తిప్పలేను మాస్టారూ."

"అయితే నువ్వు మెకానిక్‌వి కావు. గాలివి. గాలి కూడా తలుపులు తీస్తుంది, వేస్తుంది. దానికి గుర్తుండదు."

ఆ రోజునుంచి ఆయన షాపులో ఒక పద్ధతి: ముందు కాగితం, తర్వాత స్క్రూడ్రైవర్. ఏ మర ముట్టుకున్నా అది అంతకుముందు ఎక్కడుందో రాసిపెట్టాలి. కాగితం లేకుండా పని మొదలుపెడితే చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కునేవారు. పన్నెండేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. మనిషితో వేగడం కష్టం. ఆ పద్ధతి మాత్రం బంగారం.

దాన్ని నేను ఎలా వదిలేశానో చెప్పాలి.

తర్వాత సొంత షాపు పెట్టుకున్నాను. కంప్యూటర్లు వచ్చాయి. కంప్యూటర్ ఆన్ చేయగానే, తెర మీద బొమ్మ రాకముందే, మదర్‌బోర్డులో ఉన్న చిన్న ప్రోగ్రాం ఒకటి లేస్తుంది. బయోస్ అంటాం. ప్రాసెసర్ ఎంత వేగంతో నడవాలి, ఎంత కరెంటు తాగాలి, ఎంత వోల్టేజీ ఇవ్వాలి అన్నది చెప్పేది అదే. అందులో వందల సెట్టింగులుంటాయి. ఏదైనా చెడిపోతే ఒక్క మీట నొక్కితే చాలు, అన్నీ మొదటికొస్తాయి. దాని పేరు ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్. టీవీ మరలకు ఈ సుఖం లేదు. కంప్యూటర్‌కు ఉంది. మరి కాగితమెందుకు?

మా పక్క మెకానిక్కులందరి నోటా ఒకటే మాట ఉండేది: "డిఫాల్ట్‌లో పెట్టీసేను బాబూ, ఇంక పరవాలేదు." కస్టమర్లకూ ఆ మాట పట్టుబడింది. డిఫాల్ట్ అంటే కంపెనీవాడు పెట్టింది, కంపెనీవాడు పెట్టింది అంటే క్షేమమైనది. ఏ కంపెనీ అని మాలో ఎవరూ అడగలేదు. ప్రాసెసర్ చేసిన కంపెనీ వేరు, బోర్డు చేసిన కంపెనీ వేరు. బోర్డు కంపెనీకి తన బోర్డు పక్కవాడి బోర్డు కంటే వేగంగా ఉందనిపించుకోవాలని ఉంటుంది. ఆ ఆశ డిఫాల్ట్‌లోకి వచ్చి కూర్చోగలదని ముప్పయ్యేళ్ళ అనుభవంలో నాకు తట్టలేదు.

సింహాచలానికి ఉన్న నాలుగు రోజులు

సింహాచలానిది పూండి స్టేషన్ దిగి సముద్రం వైపు వెళితే వచ్చే ఊరు. వయసులో కొబ్బరిచెట్లు ఎక్కేవాడు. నలభై నిండకుండానే మూత్రపిండాలు పోయాయి. ఉద్దానంలో ఇలాంటి ఇళ్ళ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వారానికి మూడు రోజులు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుంటాడు. చెట్లు ఎక్కలేడు, బరువు మొయ్యలేడు. మంచం మీద ఉన్నప్పుడే సోంపేటలో ఒక ఫోటో స్టూడియో యజమాని దగ్గర పెళ్ళి వీడియోలు కూర్చే పని నేర్చుకున్నాడు. పెళ్ళి తీసిన హార్డ్‌డిస్కు సోంపేట నుంచి బస్సులో వస్తుంది, కూర్చిన వీడియో మళ్ళీ బస్సులో వెళుతుంది. ఆ పనితో ఇల్లు నడుస్తుంది.

మంచి మెషిన్ కట్టిపెట్టమని నా దగ్గరకొచ్చాడు. షాపులో కుర్చీ చూపించినా కాసేపు నిలబడే ఉన్నాడు. నా ముందు కూర్చోకూడదని వాళ్ళ నాన్న కాలంనాటి మర్యాద.

"వారంలో నాకు నాలుగే రోజులు బాబూ," అన్నాడు. "అందులో ఒకటి నీరసానికి పోద్ది. మిగిలిన మూడు రోజుల్లో ఆరు రోజుల పని సెయ్యాల. బేగి సేసే మెషిన్ కావాలి. నాను బేగి సెయ్యలేను కదా, అదైనా సెయ్యాల."

అప్పటికి దొరికే వాటిలో పై తరగతి ప్రాసెసర్ తెప్పించాను. మంచి బోర్డు తెప్పించాను. పూండి వెళ్ళి వాళ్ళింట్లోనే అమర్చి, బయోస్‌లోకి వెళ్ళి డిఫాల్ట్ నొక్కాను. తెర మూలన వోల్టేజీ అంకె కనిపించింది. నేను చూడటానికి అలవాటుపడిన అంకెకంటే ఎక్కువ. చెయ్యి జేబులో పెన్ను దగ్గరకు వెళ్ళింది. డిఫాల్ట్‌లోనే ఉంది కదా అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మీరు దీనిలో ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడం గుర్తుపెట్టుకోండి.

మెషిన్ ప్రాసెసర్ కంపెనీ చెప్పిన వేగాన్ని దాటి పరిగెత్తింది. నాకు గర్వం కలిగింది. సింహాచలం భార్య కనకమ్మ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. వద్దన్నాను.

"కేన్ నీళ్ళే బాబూ, బోరు నీళ్ళు కావు," అంది.

అందుకు కాదమ్మా అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆవిడ గ్లాసు లోపలికి తీసుకెళ్ళింది.

నేను వేసిన నిందలు

నాలుగు నెలలకు మొదటి ఫోను వచ్చింది. వీడియో తయారవుతూ మధ్యలో ఆగిపోతోందని.

కరెంటు మీద నింద వేశాను. సముద్రపు గాలికి వైర్లు ఉప్పుపడతాయి, సాయంత్రం మోటార్లు వేస్తే వోల్టేజీ పడిపోతుంది. యూపీఎస్ మార్చాను. రెండు వారాలు బాగుంది. మళ్ళీ ఆగింది. ర్యామ్ మీద నింద వేశాను. మార్చాను. జిప్ ఫైళ్ళు విప్పుతుంటే చెడిపోయినట్టు చూపించేది. అదే ఫైలు నా షాపులో చక్కగా విప్పుకునేది. హార్డ్‌డిస్కు అన్నాను. తర్వాత వీడియో మెమరీ చాలదని తెర మీద వచ్చింది. గ్రాఫిక్స్ కార్డులో కావలసినంత మెమరీ ఉంది. అయినా ఆ కార్డు తీసి నా షాపు కార్డు పెట్టాను. అదీ అలాగే అంది. విండోస్ మూడుసార్లు వేశాను.

వెళ్ళినప్పుడల్లా చివరికి బయోస్‌లోకి వెళ్ళి డిఫాల్ట్ నొక్కి వచ్చేవాణ్ణి. మందు అనుకుని విషమే వేస్తున్నానని నాకు తెలీదు.

నేను వెళ్ళిన ప్రతిసారీ అతని మూడు రోజుల్లో ఒకటి పోయేది. సోంపేట స్టూడియో యజమానికి ఓపిక తగ్గుతోంది. ఒక పెద్దింటి పెళ్ళి వీడియో ఉంది. పిల్ల తాతగారికి ఒంట్లో బాగాలేదు, ఆయన చూడాలని వాళ్ళ తొందర. ఆ శుక్రవారానికి అందకపోతే ఇకనుంచి పనంతా బరంపురంలో ఇంకొకరికి ఇస్తానని యజమాని ఫోనులో చెప్పేశాడు. అది పోతే సింహాచలానికి కూర్చుని చేసే పని ఇంకొకటి లేదు.

ఆ కబురు చెప్పిన రోజే నేను ఒక మాట అన్నాను. "నువ్వేదో నొక్కి ఉంటావు సింహాచలం. నేను పెట్టిన సెట్టింగులో తప్పు ఉండదు."

అతను చేతిలో పొడుగు నోట్‌బుక్ ఒకటి పట్టుకుని ఉన్నాడు. "ఆగిపోయినప్పుడల్లా రాసి ఉంచేను బాబూ. ఒకసారి సూడండి," అన్నాడు.

డయాలసిస్ మనుషులు అన్నీ రాసుకుంటారు. బరువు, బీపీ, తాగిన నీళ్ళు. ఆ అలవాటుతో మెషిన్ సంగతీ రాశాడు. నేను పెట్టె మూసుకుంటూ, "ఆ రాతలు డాక్టరుకు చూపించు," అన్నాను.

నవ్వాడు. "నా పేజీ డాక్టరు సూస్తాడు బాబూ. మెషిన్ పేజీకి డాక్టరు మీరే కదా."

లోపల్నుంచి కనకమ్మ అంది, అతనితో అన్నట్టు, నాకు వినపడేట్టు: "ఊరుకో. మన నీళ్ళే ముట్టనివోళ్ళు మన రాతలు ముడతారేటి?"

4096

రెండు రోజుల తర్వాత టెక్కలి నుంచి ఒక ఇంజనీరు ఫోను చేశాడు. ఇళ్ళ ప్లాన్లు గీసే అతనికీ నేను అదే రకం మెషిన్ కట్టిచ్చాను. అదీ ఆగిపోతోందట. టెక్కలిలో సముద్రపు గాలి లేదు. ఆ ఇంజనీరు కరెంటు ఇబ్బంది లేకుండా అన్నీ పెట్టుకున్నవాడు. నేను వేసిన నిందలన్నీ ఆ ఒక్క ఫోనుతో రాలిపోయాయి.

అప్పుడు కూర్చుని వెతికాను. ఆ తరం పై తరగతి ప్రాసెసర్లు చాలాచోట్ల ఇలాగే ఆగిపోతున్నాయని అప్పటికే వార్త వచ్చి ఉంది. నేను చదవలేదు. ముప్పయ్యేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, నాకు వార్తలెందుకు? ప్రాసెసర్‌కు కొన్నిసార్లు కావలసినదానికంటే ఎక్కువ వోల్టేజీ వెళుతోంది, బోర్డువాళ్ళు హద్దులు ఎత్తేసి ఇంకా ఎగదోస్తున్నారు, ఆ దెబ్బకు చిప్పు లోపల మెల్లగా అరుగుతోంది. కొత్త బయోస్ వేస్తే అరగడం ఆగుతుంది. అరిగింది మాత్రం తిరిగి రాదు. ఆ ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాను. ఆ పూట అన్నం తినలేకపోయాను.

షాపులో అదే రకం బోర్డు ఒకటుంది. ఆన్ చేసి, ఏళ్ళ తర్వాత ఒక తెల్లకాగితం పక్కన పెట్టుకుని, డిఫాల్ట్ నొక్కి, ఒక్కొక్క సెట్టింగు చూసి రాశాను. కరెంటు హద్దు అన్న గడిలో 4096 వాట్లు అని ఉంది. ప్రాసెసర్ కంపెనీ చెప్పినది రెండు వందల యాభై మూడు. నాలుగు వేల తొంభై ఆరంటే పొలంలో ఐదు హార్స్‌పవర్ మోటారు తాగేదంత. అరచేతిలో సగం లేని చిప్పుకు ఆ హద్దు పెట్టారంటే అసలు హద్దే లేదని అర్థం. ఆ అంకె మొదటి రోజునుంచీ ఆ గడిలోనే ఉంది. నేను ఆ పేజీ తెరవలేదు, అంతే.

కుడి పేజీ

మరునాడు పొద్దున్న పాసింజరులో పూండి వెళ్ళాను. అది బుధవారం. పెళ్ళి వీడియో శుక్రవారానికి కావాలి. రైల్లో కూర్చున్నంతసేపూ ఒకటే ప్రశ్న: సెట్టింగు ఒక్కటే చెడిందా, చిప్పు పోయిందా? సెట్టింగయితే పది నిమిషాల పని. చిప్పయితే నేను పెట్టిన డిఫాల్ట్ కింద అది నెలల తరబడి అరిగింది.

సింహాచలం గుమ్మంలోనే ఉన్నాడు. పెట్టె కింద పెట్టి, "ఆ నోట్‌బుక్ ఇలా ఇవ్వు," అన్నాను.

ఎడమ పేజీ అతనిది: బరువు, బీపీ, తాగిన నీళ్ళు. కుడి పేజీ మెషిన్‌ది. కుడివైపు, ఆగడం మొదలైన నెలలో ఒకే గీత. రెండో నెలలో మూడు. తర్వాత వారానికి మూడు. ఆఖరి పేజీ నిండిపోయి అంచుల్లో రాశాడు. తేదీ, టైము, అప్పుడు ఏ పని చేస్తున్నాడు, గదిలో ఫ్యాను ఉందా, ఊళ్ళో మోటార్లు నడుస్తున్నాయా, అన్నీ ఉన్నాయి. మోటార్లు లేనప్పుడూ ఆగింది. చల్లటి పూటా ఆగింది. మధ్యమధ్యలో వేరే చేతిరాత. సింహాచలం ఆసుపత్రికి వెళ్ళిన రోజుల్లో కనకమ్మ రాసింది:

"మనిషి లేడు. మెషిన్ ఊరికే ఉన్నాది. ఎవలూ ముట్టలేదు. ఆగిపోనాది."

అలాంటివి ఏడు ఉన్నాయి. నువ్వేదో నొక్కి ఉంటావు అన్న మాటకు అవి జవాబు. పని లేకుండా ఖాళీగా ఉన్నప్పుడే ఒక్కోసారి వోల్టేజీ ఎక్కువగా ఎగురుతుందని ముందురోజే చదివాను. పెద్దగా చదువుకోని మనిషి అది ముందే కనిపెట్టి రాసిపెట్టింది.

నేను పేజీలు తిప్పుతుంటే సింహాచలమే అన్నాడు.

"ఇది నా జబ్బే బాబూ. నాకూ ఇలాగే వొచ్చింది. పైకి ఏటీ లేదు. పని సేత్తన్నాను, తింతన్నాను. రక్తం తీసి సూసినప్పటికి సగానికి మించి పోనాది. దీనికీ క్రియాటిన్ పెరిగినట్టుంది."

"డయాలసిస్ సెయ్యండి దానికీ," అంది కనకమ్మ.

నవ్వొచ్చే మాటే. నాకు నవ్వు రాలేదు.

బయోస్ కొత్తది వేయాలి. ఇది వేస్తున్న నాలుగైదు నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు చచ్చిపోవచ్చు. యూపీఎస్ ఉంది, కానీ ఆ యూపీఎస్‌ను నమ్మే ధైర్యం ఆ రోజు నాకు లేదు. నేను నమ్మినవన్నీ అప్పటికే ఒకసారి మోసం చేశాయి. సంగతి చెప్పాను.

"పోతే ఏటవుద్ది?" అంది కనకమ్మ.

"బోర్డు మార్చాలమ్మా. శుక్రవారానికి అవదు."

ఆవిడ కొంగు బిగించి వీధిలోకి వెళ్ళింది. పక్కింటి గోడ మీదుగా కేక వినబడింది: "ఓలమ్మీ, మోటారు ఎయ్యకండి. మా ఇంట్లో ఆపరేసన్ జరగతంది." వెనక్కొచ్చి మీటరు పెట్టె కింద చేతులు కట్టుకుని నిలబడింది, ఎవరైనా వచ్చి కరెంటు ఎత్తుకుపోతారేమో అన్నట్టు. సింహాచలం కుర్చీ అంచున కూర్చుని తెర మీద కదిలే గీతను చూస్తున్నాడు. నేను మాత్రం ఫ్యాను వైపు చూస్తున్నాను. డెబ్బై రెండు శాతం దగ్గర గీత ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. తర్వాత మళ్ళీ కదిలింది. తెర నల్లబడి, మదర్‌బోర్డు పేరు వచ్చింది.

"అయిపోనాదా?" అంది ఆవిడ మీటరు దగ్గర్నుంచి.

"అయిందమ్మా."

"మరి బావున్నాదా?"

"తెలీదు," అన్నాను. ఆ మాట కస్టమర్ ఇంట్లో అనడం అదే మొదటిసారి. అన్నాక ఇల్లేమీ కూలిపోలేదు.

కరెంటు హద్దు గడిలో ప్రాసెసర్ కంపెనీ చెప్పిన అంకె వేశాను. అయినా గంటకే ఒకసారి ఆగింది. అంటే చిప్పు అరిగింది. ఇక మిగిలిన దారి ఒకటే: దాని వేగాన్ని రెండు మెట్లు దించడం. వేగం గడిలో యాభై ఐదు ఉన్నదాన్ని యాభై మూడు చేశాను. ముందు అంకె, తర్వాతి అంకె కాగితం మీద రాశాను. అరిగిన చిప్పు మెల్లగా నడిస్తే తట్టుకుంటుంది. ఎన్నాళ్ళన్నది ఎవరూ చెప్పలేరు.

ఆ సాయంత్రం వరకు అక్కడే ఉన్నాను. గురువారం అతను పలాసలో డయాలసిస్ మీద ఉన్నాడు, మెషిన్ దగ్గర కనకమ్మ కూర్చుంది. మధ్యాహ్నం ఫోను చేస్తే, "నడుత్తంది. మీరు ఫోను సెయ్యకండి, బయమేస్తంది," అని పెట్టేసింది. శుక్రవారం ఉదయం బస్సుకు హార్డ్‌డిస్కు సోంపేట వెళ్ళింది.

సంతకం

అరిగిన చిప్పుకు బదులు కొత్తది కంపెనీయే ఇవ్వాలి. దానికి ఒక ఫారం ఉంది. బయోస్ సెట్టింగులు ఎవరు పెట్టారు, ఏమేం మార్చారు, ఎప్పటినుంచి తేడా అని అడుగుతారు. ఇలాంటిచోట మెకానిక్కులు ఏం రాస్తారో నాకు తెలుసు. కస్టమర్ వాడకంలో తప్పు అని రాస్తారు. ఇన్నేళ్ళలో నేనూ ఒకటి రెండుసార్లు రాశాను. మీరూ రాయాలనుకుంటారు. రాయకండి. కంపెనీవాళ్ళు కనిపెడతారని కాదు, ఎక్కువసార్లు కనిపెట్టరు. మీరు రాసింది మీరే నమ్మడం మొదలుపెడతారు, తర్వాతి మెషిన్ కూడా అలాగే పాడుచేస్తారు.

మళ్ళీ పూండి వెళ్ళి, ఆ నోట్‌బుక్ అడిగి, కుడి పేజీ చివర ఇలా రాశాను: "ఈ మెషిన్ అమర్చినది నేను. బోర్డు డిఫాల్ట్‌ను సరిచూడకుండా పెట్టినది నేను. మెషిన్ వాడినవారి తప్పు ఏమీ లేదు." కింద పూర్తి సంతకం చేశాను, ఇంటిపేరుతో. మా నాన్నగారి సంతకంలాగే వచ్చింది.

సింహాచలం కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "ఇదేటి బాబూ, బూమి రాసిచ్చినట్టు రాసేరు."

"అలాంటిదే," అన్నాను.

"మా అయ్య దగ్గర మీ నాన్నగారు సంతకం పెట్టిన కాగితం ఒకటుండేది. మా ఇంటి జాగాది. ఇప్పుడు రెండోది." అని నోట్‌బుక్ మూశాడు.

కనకమ్మ స్టూలు మీద గ్లాసు పెట్టి వెళ్ళింది, అడగలేదు. తాగాను.

ఆ పేజీలు ఫోటో తీసి ఫారంతో పంపాను. విశాఖపట్నంలో ఒకతను ఫోను చేసి, ఇంత వివరంగా ఎవరు రాశారు సార్ అని అడిగాడు. కస్టమర్, ఆయన భార్య అని చెప్పాను. కొన్ని వారాలకు కొత్త ప్రాసెసర్ వచ్చింది. పెట్టేముందు బయోస్‌లో ప్రతి సెట్టింగూ కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని క్యాబినెట్ తలుపు లోపలివైపు అంటించాను.

అదే సెట్టింగుతో నేను కట్టిన మెషిన్లు ఇంకా ఆరు ఉన్నాయి, టెక్కలి ఇంజనీరుది కలిపి. ఎవరికీ ఫోనులో చెప్పలేదు. ఫోనులో చెబితే మాట జారుతుంది, నింద ఇంకెవరి మీదకో పోతుంది. ఆరు గుమ్మాలకూ వెళ్ళి ఒకే మాట చెప్పాను. ఒకటి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసు. యజమాని నాకు వరసకు బావ. మా పెద్దతోట ఇప్పుడు వాళ్ళది.

"అయితే తప్పు నీదేనంటావు బావా," అన్నాడు, కుర్చీలో వెనక్కి వాలి.

"నాదే."

"మీ ఇంట్లోవాళ్ళ నోట ఈ మాట వింటానని అనుకోలేదు. ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పాను. అతని మెషిన్ అప్పటికి బాగానే ఉంది, ఆగడం మొదలవలేదు. కొత్త బయోస్ వేసి, హద్దు పెట్టి, కాగితం అంటించి వచ్చాను. చిప్పు లోపల ఎంత అరిగిందో ఎవరికీ తెలీదు. ఆగేదాకా తెలియదు.

ఆదివారాలు

కొత్తవాళ్ళకు చెప్పదలచుకున్నది ఇంతే. మీ కాలానికి ఈ ప్రాసెసర్లు పోతాయి, ఈ 4096 పోతుంది, ఇంకేదో వస్తుంది. ఏది వచ్చినా తెర మీద ఎవరో పెట్టిన అంకె ఉంటుంది. అది ఎవరు పెట్టారో, ఎవరి లాభానికి పెట్టారో అడగండి. మార్చేముందు రాయండి. మార్చకపోయినా రాయండి. కస్టమర్ రాసింది చదవండి, చేతిరాత ఎలా ఉన్నా సరే. మెషిన్ పక్కన రోజంతా ఉండేది వాళ్ళు. మనం గంట ఉండి వచ్చేస్తాం.

షాపు వదిలేశాక కూడా ప్రతి ఆదివారం పూండికి ఫోను చేస్తున్నాను. కొత్త చిప్పు బాగుందని అందరూ అంటారు. మొదటి చిప్పు కూడా నాలుగు నెలలు బాగుంది. సింహాచలానికి నా కంగారు తెలుసు కాబట్టి హలో కూడా అనడు. "కుడి పేజీ కాళీయే బాబూ" అంటాడు. సరే అని పెట్టేస్తాను.

పోయిన ఆదివారం కూడా అలాగే అన్నాడు. పెట్టేయబోయాను. గొంతు కొంచెం నీరసంగా ఉన్నట్టు అనిపించింది.

"ఎడమ పేజీ?" అన్నాను.

అటువైపు కనకమ్మతో ఏదో అంటున్నాడు. నోట్‌బుక్ తిప్పుతున్న చప్పుడు వినబడింది.

"అది మీరెప్పుడూ అడగలేదు కదా బాబూ," అన్నాడు. "ఉండండి, సదువుతాను. సోమవారం..."

"ఒక్క నిమిషం ఆగు," అని చెప్పి కాగితం తెచ్చుకున్నాను.